లాగితే కిందపడే విమానం

చిన్న విమానం నడపడం నేర్చుకునేవాళ్లకు తొలి వారాల్లోనే ఒక విచిత్రమైన పాఠం ఎదురవుతుంది. గాలిలో విమానం పట్టు తప్పి ముక్కు కిందికి వాలుతున్నప్పుడు చేతిలోని స్టీరింగ్ లాంటి యోక్‌ను వెనక్కి లాగకూడదు, ముందుకు వదలాలి. పడుతున్న విమానాన్ని కాపాడాలంటే దాని ముక్కును మరికాస్త నేలవైపే పోనివ్వాలి. కారణం తెలిస్తే ఇందులో వింతేమీ లేదు, హైస్కూలు భౌతికశాస్త్రం చాలు. కానీ కారణం బాగా తెలిసినవాళ్ల చేతులు కూడా మొదట్లో వెనక్కే లాగుతాయి. ఒక విషయం అర్థం కావడానికీ, అది ఒంటికి వంటబట్టడానికీ మధ్య ఎంత దూరముందో చూడాలంటే విమానం నేర్చుకునే మనిషిని గమనించాలి. ఆ మనిషిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమైతే ఆ దూరం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఎందుకంటే ఆ వృత్తిలో కాలం మన చేతిలో ఉంటుంది. ప్రోగ్రాం తప్పు చేస్తే ఆపేయొచ్చు. ఏ లైను దగ్గర తేడా వచ్చిందో తీరిగ్గా చూడొచ్చు. ఒక్క మార్పు చేసి మళ్లీ మొదటినుంచి నడిపించొచ్చు. అర్థమైతే చాలు, పని సగం అయిపోయినట్టే. విమానం అలా ఆగదు. ఇంజన్ ఆగిపోయినా విమానం ముందుకు పోతూనే ఉంటుంది, పోతూనే ఉండాలి. గాలి ఎదురు రాకపోతే రెక్క ఉండీ లాభం లేదు.

గుంటూరులో ఇంజనీరింగ్ చదివి, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో కోడ్ రాస్తున్న ఒక అమ్మాయిని ఊహించుకుందాం. ఆమె ఉండే చోటికి దగ్గర్లోనే పాలో ఆల్టో విమానాశ్రయం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం అంచున, చిత్తడి నేలలను ఆనుకుని, 2,443 అడుగుల పొడవున్న ఒకే ఒక్క రన్‌వే. చుట్టూ సిలికాన్ వ్యాలీ కంపెనీలే కాబట్టి అక్కడ నేర్చుకునేవాళ్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కొదవలేదు. ఈ అమ్మాయి అమెరికా పౌరురాలు కాదు గనక పాఠాలు మొదలుపెట్టే ముందు వేలిముద్రలిచ్చి, అక్కడి రవాణా భద్రతా సంస్థ అనుమతి తెచ్చుకోవాలి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత వచ్చిన నియమం అది. ఆ తర్వాత వైద్య పరీక్ష, 60 ప్రశ్నల రాతపరీక్ష, కనీసం 40 గంటలు గాలిలో శిక్షణ, చివరగా పరీక్షాధికారి పక్క సీట్లో కూర్చుని చూసే చెక్‌రైడ్. 40 గంటలన్నది చట్టం చెప్పే కనిష్ఠం. చాలామందికి 60, 70 గంటలు పడుతుంది. మన దేశంలో కూడా ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు కనీసం 40 గంటలే అడుగుతారు.

ఆమె నేర్చుకునేది సెస్నా 172 మీద. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ నాలుగు సీట్ల విమానాలు ఇప్పటిదాకా 44,000 పైచిలుకు తయారయ్యాయి. ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. నిండుగా బరువెక్కించినా ఇప్పటి మోడల్ 1,157 కిలోలకు మించదు. రెక్క ఈ చివరనుంచి ఆ చివరకు 11 మీటర్లు. ఇంజన్ 180 హార్స్‌పవర్.

ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి ప్రతి భాగాన్నీ చేత్తో తాకి చూడాలి. రెక్కల కింద ట్యాంకుల అట్టడుగున చిన్న వాల్వులుంటాయి. పారదర్శకమైన కప్పు పెట్టి వాటిని నొక్కితే కొద్దిగా పెట్రోలు వస్తుంది. లేత నీలం రంగులో ఉంటే అది సరైన ఇంధనం. అడుగున బుడగలా ఏదైనా విడిగా నిలిచిందంటే అది నీరు, ట్యాంకులోకి చేరిన తేమ. నీరు పెట్రోలు కంటే బరువు కాబట్టి కిందికి దిగుతుంది, అందుకే వాల్వు అక్కడ పెట్టారు. ఆ నీలం పెట్రోలులో ఇప్పటికీ సీసం కలుపుతున్నారని ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కార్ల పెట్రోలులోంచి ఎప్పుడో తీసేసిన విషం అది. పాలో ఆల్టోకి దగ్గర్లో, శాన్ హోసేలోని రీడ్-హిల్‌వ్యూ విమానాశ్రయంలో చుట్టుపక్కల పిల్లల ఆరోగ్యం దృష్ట్యా 2022 జనవరి నుంచి దాని అమ్మకం ఆపేశారు. దేశమంతటా 2030 చివరికల్లా వదిలించుకోవాలని అమెరికా విమానయాన శాఖ లక్ష్యం పెట్టుకుంది. అంతకంటే ముందే జరిగితే మంచిది.

ఎడమ రెక్క ముందు అంచు దగ్గరకు వస్తే అక్కడ చిన్న రంధ్రం కనిపిస్తుంది. దాని మీద శుభ్రమైన చేతిరుమాలు పెట్టి నోటితో గాలి పీల్చమంటుంది విమానం మాన్యువల్. పీలిస్తే కాక్‌పిట్ వైపునుంచి సన్నగా ఒక మూలుగు వినబడుతుంది. స్టాల్ గురించి, అంటే రెక్క పట్టు తప్పబోవడం గురించి హెచ్చరించే హారన్ అది. అందులో బ్యాటరీ లేదు, వైరు లేదు, చిప్ అసలే లేదు. ఉన్నదల్లా హార్మోనియంలో ఉండేలాంటి రీడు. రెక్క గాలిని మామూలు కోణంలో ఎదుర్కొంటున్నంతసేపూ ఆ రంధ్రం దగ్గర గాలి బయటినుంచి లోపలికే నొక్కుతుంటుంది. రెక్క ముందు అంచు పైకి లేచేకొద్దీ గాలి రెండుగా చీలే చోటు కిందికి జరుగుతుంది. అప్పుడు రంధ్రం అల్పపీడనంలో పడి, రీడు గుండా గాలి బయటికి లాక్కోబడుతుంది. రీడు మోగుతుంది. విమానం పట్టు తప్పడానికి ఐదు నుంచి పది నాట్స్ ముందే పైలట్ చెవిన పడుతుంది (ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు). కొలవాల్సిన దాన్నే నేరుగా కొలిచే ఇంత సరళమైన పరికరాన్ని చూస్తే ఏ ఇంజనీరుకైనా ముచ్చటేస్తుంది.

ఆ హారన్ కొలిచేది వేగాన్ని కాదు. రెక్కకూ, ఎదురుగా వచ్చే గాలికీ మధ్య ఉండే కోణాన్ని. పైలట్లు దాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారు. విమాన విద్య అంతా ఈ కోణం చుట్టూనే తిరుగుతుంది.

రెక్క విమానాన్ని ఎలా మోస్తుందో చాలామందికి బళ్లో చెప్పిన కథ గుర్తుండే ఉంటుంది. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది కాబట్టి పైన పోయే గాలి ఎక్కువ దూరం నడవాలి, కింద పోయే గాలితో సమానంగా చివరికి చేరాలి, అందుకే వేగంగా పోతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది అని. మొదటా చివరా సరే, మధ్యలో ఉన్నది తప్పు. రెండు గాలులూ ఒకేసారి చేరాలన్న నియమం ఏదీ లేదు. నిజానికి పైగాలి చాలా ముందే చేరిపోతుంది. రెక్క చేసే పనిని న్యూటన్ మాటల్లో చెప్పుకోవడం మేలు: అది గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. రెక్క పైన పీడనం తగ్గడం, కింద పెరగడం అన్నవి ఆ తోపులాట జరిగే తీరు. మన సెస్నా గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు రెక్క ప్రభావానికి లోనయ్యే గాలి, ఉజ్జాయింపు లెక్కన, సెకనుకు ఐదారు టన్నులు. అంత గాలికి సెకనుకు రెండు మీటర్ల చొప్పున కిందికి వేగం ఇస్తే చాలు, 1,157 కిలోల విమానం గాలిలో నిలుస్తుంది.

విమానం నెమ్మదించినప్పుడు సెకనుకు దొరికే గాలి తగ్గుతుంది. అప్పుడు దొరికిన గాలినే ఇంకా ఎక్కువగా వంచాలి, అంటే కోణం పెంచాలి. అలా పెంచుకుంటూ పోతే దాదాపు 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఒక హద్దు వస్తుంది. అంతవరకూ రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారిన గాలి ఆ వంపు తిరగలేక విడిపోయి సుడులు తిరుగుతుంది. మోసే బలం ఒక్కసారిగా పడిపోతుంది. ఇదే స్టాల్. ఇంజన్‌కి దీనితో సంబంధం లేదు. ఇంజన్ బ్రహ్మాండంగా తిరుగుతున్నా రెక్క స్టాల్ కావచ్చు. కోణం తగ్గించడమే దీనికి మందు, కోణం తగ్గాలంటే యోక్ ముందుకు వెళ్లాలి. వెనక్కి లాగితే ఇప్పటికే ఎక్కువైన కోణం ఇంకా ఎక్కువవుతుంది.

వోల్ఫ్‌గాంగ్ లాంగెవీషె అనే పైలట్ 1944లో ‘స్టిక్ అండ్ రడ్డర్’ అనే పుస్తకం రాశాడు. లెక్కలు పక్కనపెట్టి, మామూలు మాటల్లో ఈ కోణం గురించే పదేపదే చెప్పాడు. విమానాల్లో ఎన్నో మారినా ఆ పుస్తకం ఇప్పటికీ అచ్చవుతోంది, ఇన్‌స్ట్రక్టర్లు ఇప్పటికీ చదవమంటున్నారు. రెక్కకు కాలం మారలేదు కాబట్టి పుస్తకానికీ మారలేదు.

మన అమ్మాయి ఈ విషయాలన్నీ తొలి వారంలోనే చదివేసింది. చదవడం ఆమెకు కొట్టిన పిండి. ఇప్పుడు ఆమె పసిఫిక్ తీరం దగ్గర, హాఫ్ మూన్ బే వైపు కొండల మీద 3,500 అడుగుల ఎత్తులో ఉంది. చుట్టుపక్కల ఇంకే విమానమూ లేదని అటూ ఇటూ తిరిగి చూసుకుంది. థ్రాటిల్ పూర్తిగా తగ్గించి, ఎత్తు తగ్గకుండా యోక్‌ను మెల్లమెల్లగా లాగుతోంది. గాలి హోరు తగ్గుతుంది. ముక్కు లేచి ముందున్న దిగంతాన్ని కప్పేస్తుంది. యోక్ చేతికి వదులుగా, పట్టులేనట్టు తగులుతుంది. హారన్ మూలగడం మొదలుపెడుతుంది, స్వరం పెరుగుతుంది. రెక్కమీంచి విడిపోయిన గాలి తోకను తాకి విమానమంతా వణుకుతుంది. ఉన్నట్టుండి ముక్కు కిందికి జారుతుంది, కడుపులో దిగదీసినట్టవుతుంది, గాజులోంచి కొండల పచ్చదనం తప్ప ఇంకేమీ కనిపించదు.

ఆ క్షణాన ఆమె చేతులు వెనక్కి లాగుతాయి. విమానం ఇంకోసారి వణికి ఇంకోసారి జారుతుంది. పక్కనున్న ఇన్‌స్ట్రక్టర్ “మై కంట్రోల్స్” అని తన చేతుల్లోకి తీసుకుని, యోక్‌ను కొద్దిగా ముందుకు వదిలి, థ్రాటిల్ పూర్తిగా తోసి, ఒకటి రెండు వందల అడుగుల్లోనే విమానాన్ని సర్దేస్తాడు. “ఇప్పుడు మీరు చేయండి” అంటాడు. ఇది మళ్లీ మళ్లీ జరగాలి. నేలకు 1,500 అడుగుల పైనే సర్దుకోవడం పూర్తయ్యేలా ఎత్తు చూసుకుని మరీ సాధన చేయిస్తారు. మనిషి మెదడులో ఈ రెండు రకాల తెలివికీ స్థానాలు వేరు. చదివి గుర్తుపెట్టుకున్నది తలచుకుంటే వస్తుంది, తలచుకోడానికి వ్యవధి కావాలి. చిన్నమెదడు తదితర భాగాలు సాధనతో ఇముడ్చుకున్నది తలచుకోకుండానే చేతుల్లోకి వస్తుంది. మొదటిది ఒక్కసారి చదివితే దొరకొచ్చు. రెండోదానికి దగ్గరదారి లేదు. పదిసార్లు చేసి, రాత్రి నిద్రపోయి, వారం తర్వాత మళ్లీ చేయాల్సిందే.

స్టాల్ ఇంత ఎత్తులో వస్తే పాఠం, ల్యాండింగ్ ముందు మలుపులో వస్తే ప్రాణాంతకం. మలుపు తిరగాలంటే విమానం ఒక పక్కకు ఒరగాలి. ఒరిగినప్పుడు రెక్కలు పుట్టించే బలంలో కొంత మలుపుకి ఖర్చవుతుంది, మిగిలినదే బరువు మోయాలి. అందుకని మొత్తం బలం పెంచాలి. 60 డిగ్రీలు ఒరిగి ఎత్తు నిలబెట్టుకోవాలంటే రెక్క విమానం బరువుకి రెట్టింపు మోయాలి. తిన్నగా పోయేటప్పుడు 48 నాట్స్ దగ్గర స్టాల్ అయ్యే విమానం అప్పుడు 68 దగ్గరే అవుతుంది. ల్యాండింగ్‌కి దాదాపు 65 నాట్స్‌తో వస్తారు. రన్‌వే దాటిపోయానని కంగారుపడి మలుపును బిగించి, యోక్ లాగితే ఏమవుతుందో ఈ రెండంకెలే చెప్తాయి. అందుకే ఆ మలుపులో 30 డిగ్రీలు మించి ఒరగవద్దని, రన్‌వే తప్పితే మళ్లీ చుట్టి రమ్మని ఇన్‌స్ట్రక్టర్లు పట్టుబడతారు. ఆ మాట వినని పైలట్ ఎంత తెలివైనవాడైనా నేను అతని విమానం ఎక్కను.

ఈ మలుపు సమస్య రైట్ సోదరులనూ ఏడిపించింది. ఒహాయోలోని డేటన్‌లో సైకిళ్ల దుకాణం నడిపినవాళ్లు గనక, మలుపు తిరగాలంటే ఒరగాలని వాళ్లకు తెలుసు. తోటివాళ్లెవరూ పట్టించుకోని విషయం అది. కానీ 1902 నాటి గ్లైడర్ ఒరిగినప్పుడు ఒక్కోసారి ఒరిగిన రెక్కవైపే తిరుగుతూ వెళ్లి ఆ రెక్కతో ఇసుకలో గుంత తవ్వేది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘బావి తవ్వడం’. గ్లైడర్‌కి వెనక నిలువు తోక ఉంది కానీ అది కదలదు. ఒక రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తూ పడుకున్న ఆర్విల్‌కి ఆ తోకను కదిలేలా చేయాలని తట్టింది. విల్బర్ దాన్ని రెక్కల తీగలకే కలిపేశాడు. ఇప్పుడు మన అమ్మాయి పాదాల కింద ఉన్న రడ్డర్ పెడళ్ల పుట్టుక అదే. 1903 డిసెంబరు 17న 12 సెకన్లు ఎగరడం అందరికీ తెలిసిన ఘట్టం. విమానాన్ని మూడు అక్షాల్లోనూ అదుపు చేయడం మాత్రం అంతకు ముందు ఏడాదే, ఇంజన్ లేని గ్లైడర్ మీద తేలిపోయింది. నన్నడిగితే అసలు ఆవిష్కరణ అదే.

గాలిలో విమానాన్ని తిన్నగా నిలబెట్టడం చూడ్డానికి సులువు. ఎయిర్‌స్పీడ్ సూది కొంచెం తగ్గిందని ఆమె ముక్కు దించుతుంది. విమానానికి జడత్వం ఉంది కాబట్టి వేగం వెంటనే పెరగదు, కొన్ని సెకన్లు పడుతుంది. సూది కదల్లేదని ఇంకాస్త దించుతుంది. ఈలోగా మొదట దించినదాని ఫలితం వచ్చిపడుతుంది, వేగం మితిమీరుతుంది. ఇప్పుడు లాగుతుంది. విమానం అలల మీద పడవలా ఊగుతుంటుంది. ఆలస్యంగా వచ్చే సమాచారాన్ని చూసి తొందరపడి సరిదిద్దితే ఏ వ్యవస్థైనా ఇలాగే ఊగుతుంది. ట్రాఫిక్ పెరిగిందని సర్వర్లను పెంచే ప్రోగ్రాములో ఆమె ఇదే జబ్బును ఎన్నోసార్లు సరిచేసి ఉంటుంది. కానీ తెరమీద గ్రాఫులో గుర్తుపట్టిన జబ్బుని తన మోచేతిలో గుర్తుపట్టడం వేరే సంగతి. ఇన్‌స్ట్రక్టర్ సూదులున్న ఆ డయళ్ల మీద కాగితాలు అంటించేసి, “బయటికి చూడండి, దిగంతం ఎక్కడుందో చూడండి” అంటాడు. ఇంట్లో కంప్యూటర్ మీద సిమ్యులేటర్ ఆడి వచ్చినవాళ్లకు ఈ వైద్యం మరీ అవసరం. వాళ్ల కళ్లు సూదులకే అంటుకుపోయి ఉంటాయి.

అసలు చేతులు వదిలేస్తే విమానం ఏం చేస్తుంది? ట్రిమ్ సరిగ్గా పెట్టి ఉంటే తనంతట తానే సర్దుకుంటుంది. ఒక్కసారి ముక్కు పైకెత్తి వదిలితే వేగం తగ్గి ముక్కు వాలుతుంది, వాలితే వేగం పెరిగి మళ్లీ లేస్తుంది, ఒక్కో ఊపూ చిన్నదవుతూ వచ్చి చివరికి నిలుస్తుంది. ఈ ఊగిసలాటను బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1908లో లెక్కగట్టి ఫ్యుగాయిడ్ అని పేరుపెట్టాడు. ఒక్కో ఊపుకి పట్టే కాలం దాదాపుగా వేగం మీదే ఆధారపడుతుంది. వంద నాట్స్ దగ్గర 20 సెకన్ల పైచిలుకు. ట్రిమ్ అనేది ఒక కోణాన్ని, దాంతోపాటు ఒక వేగాన్ని పట్టి ఉంచుతుంది, ఎత్తుని కాదు. అందుకే థ్రాటిల్ పెంచితే ట్రిమ్ చేసిన విమానం వేగంగా పోయే బదులు పైకెక్కుతుంది. థ్రాటిల్ వేగానికి, యోక్ ఎత్తుకి అని కారు అలవాటుతో అనుకున్నవాళ్లకు నెమ్మదిగా దిగే వేళ ఈ రెండూ తారుమారై కనిపిస్తాయి.

గుంటూరులో తల్లికి ఇవేవీ పట్టవు. ఫోనులో ఆమె అడిగేది ఒక్కటే. “ఒక్కటే ఇంజనంటివి, అది ఆగిపోతే ఎట్లా అమ్మాయ్?”

“ఆగితే పడిపోదమ్మా, జారుకుంటూ దిగుతుంది. మూడు వేల అడుగుల మీదుంటే ఇంకా ఎనిమిది కిలోమీటర్లు పోవచ్చు.”

“ఎనిమిది కిలోమీటర్లలో నువ్వు దిగే చోటుండాలిగా మరి?”

తల్లి అడిగింది సరైన ప్రశ్న. గాలిలేని రోజున 68 నాట్స్ పట్టుకుంటే ఈ విమానం ఒక అడుగు దిగేలోపు దాదాపు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. ఆ లెక్కకన్నా ముఖ్యం, ఇప్పుడు ఇంజన్ ఆగితే ఎక్కడ దిగాలి అని ఎగురుతున్నంతసేపూ కింద వెతుక్కుంటూ ఉండటం. ఇంజన్ కూడా అంత తేలిగ్గా ఆగేది కాదు. నాలుగు సిలిండర్లకు ఎనిమిది స్పార్క్ ప్లగ్గులు, వాటికి విద్యుత్తు పుట్టించే రెండు వేర్వేరు మాగ్నెటోలు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా నిప్పురవ్వ పుడుతూనే ఉంటుంది. రన్‌వే ఎక్కేముందు ఇంజన్‌ని 1,800 ఆర్‌పీఎం దగ్గర పెట్టి ఒక్కో మాగ్నెటోనీ విడిగా పరీక్షిస్తారు. 150కి మించి తగ్గితే ఆ రోజుకి ప్రయాణం లేదు.

ఈ పరీక్షలన్నీ కాగితం చూసి, పైకి చదువుతూ చేస్తారు. జ్ఞాపకం మీద వదిలేయకపోవడానికి వెనక ఒక విషాదముంది. 1935 అక్టోబరు 30న డేటన్‌లోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ వాళ్ల కొత్త నాలుగింజన్ల బాంబర్, మోడల్ 299, పరీక్షకు లేచింది. నడిపింది మేజర్ ప్లోయర్ హిల్, సైన్యంలో అనుభవజ్ఞుడైన టెస్ట్ పైలట్. నేలమీద ఉన్నప్పుడు గాలికి తోక కదలకుండా పెట్టే తాళం తియ్యడం మరిచిపోయారు. విమానం నిటారుగా లేచి, స్టాల్ అయి, పడి కాలిపోయింది. హిల్‌తో పాటు బోయింగ్ పైలట్ లెస్లీ టవర్ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత సైనిక పైలట్లు చేసిన పని ఎక్కువ శిక్షణ కావాలని అడగడం కాదు, చేయాల్సినవాటిని ఒక చీటీ మీద రాసుకోవడం. అదే విమానం తర్వాత బి-17గా వేల సంఖ్యలో ఎగిరింది. ఆపరేషన్ థియేటర్లలో ఈనాడు వాడుతున్న చెక్‌లిస్టులకు కూడా మూలం అక్కడే ఉంది.

చేతుల అలవాట్లను దిద్దుకోవడం కష్టమే గాని సాధ్యం. చెవి లోపలి అలవాటును దిద్దడం అసాధ్యం, దాన్ని నమ్మకుండా ఉండటం ఒక్కటే మార్గం. మన లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు అర్ధవృత్తాకార నాళాలున్నాయి. తల తిరిగినప్పుడు నాళం కదులుతుంది, ద్రవం వెనకబడుతుంది, ఆ తేడానే మెదడు తిరగడంగా గ్రహిస్తుంది. నేలమీద నడిచే జీవికి ఇది చక్కగా సరిపోతుంది. కానీ విమానం ఒకే తీరుగా పది, ఇరవై సెకన్ల పాటు తిరుగుతూ ఉంటే ద్రవం కూడా ఆ వేగం అందుకుంటుంది. తిరుగుతున్నామన్న భావన పోతుంది. అప్పుడు మలుపు ఆపి తిన్నగా చేస్తే ఎదురువైపు తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. కళ్లకు దిగంతం కనిపిస్తున్నంతసేపూ ఈ అబద్ధాన్ని కళ్లు దిద్దుతాయి. మేఘంలోకి వెళ్తే దిద్దేవాళ్లు లేరు.

ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 1954లో దీన్ని పరీక్షించారు. పరికరాలు చూసి నడపడం నేర్చుకోని 20 మందిని, పక్కన రక్షణ పైలట్‌ను పెట్టి, బయటిది కనిపించకుండా చేసి విమానం నడపమన్నారు. 20 మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు, మూడు నిమిషాలు కూడా కాదు. దాదాపు అందరూ తమకు తెలియకుండానే ఒక పక్కకు ఒరిగి సుడిమెట్లలా దిగిపోయారు. విమానం దిగుతోందని సూది చెప్తుంది, లాగుతారు, ఒరిగి ఉన్నప్పుడు లాగితే మలుపు బిగుస్తుంది తప్ప పైకి లేవదు. 1999 జులై 16 రాత్రి మసక కమ్మిన సముద్రం మీద జాన్ ఎఫ్. కెనడీ జూనియర్, ఆయన భార్య, ఆమె అక్క ప్రయాణిస్తున్న చిన్న విమానం మార్తాస్ విన్యార్డ్ దగ్గర కూలింది. దిక్కు తెలియని ఈ భ్రమే కారణమని దర్యాప్తు తేల్చింది.

దీనికి మందు దొరికింది చాలా ముందే. 1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్, గుడ్డ కప్పిన కాక్‌పిట్‌లో కూర్చుని, బయటిదేదీ చూడకుండా లేచి, తిరిగి, దిగాడు. గిర్రున తిరిగే గైరోస్కోప్ తన అక్షాన్ని మార్చుకోదు. దాన్ని దిగంతంలా గీసిన బొమ్మకు తగిలిస్తే మేఘం మధ్యలో కూడా నేల ఎటుందో తెలుస్తుంది. మన అమ్మాయి శిక్షణలో కూడా బయటిది కనబడని కళ్లజోడు పెట్టుకుని మూడు గంటలు నడపడం తప్పనిసరి. పసిఫిక్ మీదనుంచి పొగమంచు కొండలు దాటి వచ్చే ఆ ప్రాంతంలో ఈ మూడు గంటలు మొక్కుబడిగా గడపకూడదు. శరీరం గట్టిగా చెప్తున్నదాన్ని పక్కనపెట్టి, నిశ్శబ్దంగా ఉన్న ఒక బొమ్మను నమ్మడం అక్కడే అలవడాలి.

అన్నిటికన్నా ఆలస్యంగా వంటబడేది ల్యాండింగ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పైలట్ల చూపు మీద పనిచేసిన మనస్తత్వవేత్త జేమ్స్ గిబ్సన్ దీని రహస్యం చెప్పాడు. ముందుకు పోతున్నప్పుడు కనిపించే దృశ్యమంతా ఒకే ఒక్క బిందువునుంచి నలువైపులకూ విచ్చుకుంటూ జరుగుతుంది. ఆ బిందువు మాత్రం కదలదు. మనం పోతున్నది అక్కడికే. రన్‌వే మీద గీసిన అంకెలు గాజులో పైకి జరుగుతుంటే అక్కడిదాకా చేరం, కిందికి జరుగుతుంటే దాటిపోతాం, నిలకడగా పెద్దవవుతుంటే సరిగ్గా అక్కడికే చేరతాం. నేల దగ్గరయ్యాక చూపు రన్‌వే చివరికి మార్చాలి. నేల పైకి వస్తున్న వేగం కంటి అంచులకే బాగా తెలుస్తుంది.

ఇక చివరి కొన్ని మీటర్లలో విమానం దిగనని మొరాయిస్తుంది. రెక్క పొడవు కన్నా తక్కువ ఎత్తులో నేల అడ్డుపడి రెక్క కొసల సుడులు బలహీనమవుతాయి, ఈడ్పు తగ్గుతుంది, విమానం తేలుతూ పోతుంది. 65 నాట్స్‌కి బదులు 75తో వస్తే వదిలించుకోవాల్సిన శక్తి మూడో వంతు ఎక్కువ, ఎందుకంటే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది. పాలో ఆల్టోలాంటి పొట్టి రన్‌వే మీద ఆ మూడో వంతు చాలా పెద్ద మాట. వేసవి వేడి ఇంకో చిక్కు. హైదరాబాద్‌లోని బేగంపేట రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 1,740 అడుగుల ఎత్తులో ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలచబడి, చల్లటి రోజున 5,400 అడుగుల మీద ఉండే గాలితో సమానమవుతుంది. రెక్కకూ, ప్రొపెల్లర్‌కూ, ఇంజన్‌కూ మూడింటికీ తిండి తగ్గినట్టే. అందుకే ఎండల్లో పైలట్లు తెల్లవారుజామునే ఎగరడానికి ఇష్టపడతారు.

ఒక రోజు ఇన్‌స్ట్రక్టర్ లాగ్‌బుక్‌లో సంతకం చేసి, తలుపు తీసుకుని దిగిపోతాడు. ఆమె ఒక్కతే బయల్దేరుతుంది. డెబ్బై, ఎనభై కిలోల బరువు తగ్గింది కాబట్టి విమానం ముందుకన్నా తొందరగా లేస్తుంది, చురుగ్గా ఎక్కుతుంది. పక్కన సలహా చెప్పే గొంతు లేదు. అయినా కుడికాలు దానంతటదే రడ్డర్ నొక్కుతుంది, కళ్లు దిగంతం మీద నిలుస్తాయి, మలుపులో ముక్కు లేవబోతే చేయి అడగకుండానే యోక్‌ను కొద్దిగా వదులుతుంది. ఏ వారం ఈ మార్పు జరిగిందో ఆమె చెప్పలేదు. చదివిన తేదీ ఆమెకు తెలుసు, వంటబట్టిన తేదీ ఎవరికీ తెలియదు.

విమానం ఎక్కకుండానే వీటిలో ముఖ్యమైన విషయాలు చూడొచ్చు. ఒక కాగితపు విమానం మడవండి. రెక్కల వెనక అంచులను వేలి గోరంత మేర పైకి వంచి, తలుపులేసిన గదిలో తిన్నగా వదలండి. అది ముక్కెత్తి పైకి పోతుంది, నెమ్మదిస్తుంది, స్టాల్ అయి ముక్కు వాలుస్తుంది, వేగం పుంజుకుని మళ్లీ లేస్తుంది. లాంచెస్టర్ లెక్కగట్టిన ఊగిసలాట అదే. ముక్కుకి ఒక పేపర్ క్లిప్ తగిలించి మళ్లీ వదలండి, స్టాల్ మాయమవుతుంది. ఉపాధ్యాయులకు ఒక విన్నపం: రెక్క పైగాలీ కిందిగాలీ ఒకేసారి చేరాలన్న పాత కథను ఇక ఆపేసి, తొమ్మిదో తరగతిలో న్యూటన్ మూడో నియమం చెప్పే రోజున పిల్లలందరిచేతా ఈ కాగితపు విమానం ఎగరేయించండి.